పొయ్యిలో పెట్టిన పాటలు

మొన్న మా రంగూన్‌లో చిమిండైంగ్ బజారులో శనగలు కొంటే, పొట్లం కట్టిచ్చిన కాగితం మీద బర్మా అక్షరాలున్నాయి. ఇంటికొచ్చి శనగలు డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని అరచేత్తో సాపుచేసి, కోడలి చేత చదివించుకుని, అది ఏదో సబ్బు ప్రకటన అని తేలాకగానీ చెత్తలో వేయలేకపోయాను. మా ఇంట్లో అందరికీ ఇదొక నవ్వులాట. ముప్పై ఏళ్ళు దాటినా ఈ అలవాటు నన్ను వదలలేదు, ఎందుకు వదలలేదో నా ఈడువాళ్ళకైనా ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

మా నాన్నకు పిన్ని, నాకు చిన్న మామ్మ అయిన ఆవిడ, మాటల్లేని సినిమాల రోజుల్లో రంగూన్ తెర మీద కనిపించిన మనిషి. రేవులో మూటలు మోసే తండ్రికి పుట్టిన తెలుగు పిల్ల బర్మా పేరు పెట్టుకుని నటిస్తే, తెర మీద పెదవి కదిపితే చాలు గనక, ఏ దేశపు పిల్లవని ఎవరూ అడగలేదట. తెరకు మాటలొచ్చాక మాత్రం ఆమె నోట మన యాస వినిపిస్తోందని పక్కన పెట్టేశారట. అప్పుడామె స్టేజీ ఎక్కింది. కథంటూ లేకుండా ఒక పాట, ఒక నాట్యం, కాసేపు హాస్యం, మళ్ళీ పాటగా సాగే ఆ ప్రదర్శనల్లో ఒక్కోసారి ఏడు వేషాలు మార్చేదట. మాటలో దొరికిపోయిన యాస పాటలో దొరికేది కాదట. యుద్ధంలో జపాను వాళ్ళు ఊరిని పట్టుకున్న కాలంలో ఫిల్ము దొరక్క సినిమా హాళ్ళన్నీ నాటకాల హాళ్ళయినప్పుడు ఆమె పాటకు జనం లేచి నిలబడేవారని నాన్న గొంతు తగ్గించి చెప్పేవారు, ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్ళకు ఆ ఊసు నచ్చేది కాదు. సినిమా రీళ్ళు బాంబుల్లో పోయాయి. నేనెరిగిన నాటికి ఆమె లమ్మడా పేటలోని మా ఇంట్లో, మూడో అంతస్తు గదిలో, వీధి వైపు కిటికీ పక్క మంచం మీద కూర్చుని నాకు తోటకూర వలిచిపెట్టే ముసలావిడ.

నాకు బర్మా చదువు రాదు. ఊళ్ళో మన తెలుగు బడులు మూతపడ్డాక ఆడపిల్లను దూరం పంపడం ఇష్టంలేక నాన్నే ఇంట్లో పలక మీద తెలుగు దిద్దించారు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. బర్మా మాట బజారుకు సరిపడా వచ్చు. అక్షరాలు మాత్రం మన వాటిలాగే గుండ్రంగా, దగ్గరి చుట్టాల్లా కనబడేవిగానీ, ఒక్కటీ నన్ను పలకరించేది కాదు.

ఎనభై ఎనిమిదిలో, సైనిక పాలన వద్దంటూ ఊరంతా వీధుల్లోకి వచ్చిన ఆ వానాకాలంలో మా తమ్ముడు కూడా గుంపుల్లో తిరిగాడు. సైన్యం వచ్చి కాల్పులు జరిగాక, పక్క వీధిలో ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. తమ్ముడు ఇంట్లో లేడు. చిన్న మామ్మ కింద ఇంటివాళ్ళ దగ్గర కూర్చుంది. వాడు కరపత్రాలు పంచుతాడని నాకు తెలుసు, వాడంటే ఆమెకు గారాబమనీ తెలుసు, ముసలిదాని మంచం కింద ఎవరు వెతుకుతారని అక్కడ దాచి ఉంటాడనుకున్నాను. వంగి చూస్తే బిస్కెట్ల డబ్బా, అందులో పట్టు లుంగీలో చుట్టిన అచ్చు కాగితాల కట్ట. పసుపెక్కిన కాగితమే, కానీ ఆ రోజుల్లో కొత్త కాగితం ఎక్కడుంది, కరపత్రాలూ దొరికిన పాత కాగితం మీదే అచ్చువేసేవారు. స్వామీ, నా తమ్ముణ్ణి కాపాడమని వేడుకుంటూ, అన్నం గిన్నె కింద మంటలో ఒక్కొక్కటే పెట్టాను.

చిన్న మామ్మ మెట్లెక్కి వచ్చేసరికి గదంతా పొగ.

"ఏటే గుంటా, ఈ పొగేటి?"

"తమ్ముడి కాయితాలు మామ్మా. సిపాయిలొత్తన్నారంట, కాల్చేసినాను."

ఆమె నేల మీద పడున్న పట్టు లుంగీని చూసింది. దాన్ని తీసి మడతపెట్టి, గోడ పట్టుకుని కూర్చుంది.

"అన్నం ఉడికిందేటి?"

"ఉడికింది మామ్మా."

"అయితే ఒడ్డించు. రంగూన్ జనం లేచి సప్పట్లు కొట్టిన పాటలే అయి. ఇన్నాళ్ళకి ఓ పూట కూడు ఉడకబెట్టినాయి."

హాలు గుమ్మంలో అమ్మిన మడత కాగితాల పాటల పుస్తకాలు, ఆమె పేరు అచ్చయిన ప్రకటనలు, ఆమె అనే మనిషి స్టేజీ ఎక్కిందనడానికి లోకంలో మిగిలినదంతా అదేనని అప్పుడే తెలిసింది. ఆ అన్నం ఆమె తిన్నది. సిపాయిలు మా మెట్లెక్కనే లేదు. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరిన తమ్ముడు, "నాను కాయితాలు ఇంటికి తెత్తానా అక్కా? అంత ఎర్రోడినేటి?" అన్నాడు. వాణ్ణి ప్రాణాలతో పంపినందుకు దేవుడికి దీపం పెట్టి, ఆ వెలుగులోనే పొయ్యిలో బూడిద ఎత్తాను.

కర్ఫ్యూ రోజుల్లో ఆమెను బతిమాలాను, పాడు మామ్మా, ఆ బర్మా మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసుకుంటానని. మా ఇంట్లో టేపు రికార్డరు లేదు. అరువడుగుదామంటే తలుపు కొట్టిన చప్పుడుకే జనం బెదిరిపోయే రోజులు. కూర్చుంటే ఆమెకు ఒక్క చరణమూ గుర్తొచ్చేది కాదు. మంచంకోడు పట్టుకుని నిలబడి, పాదం పక్కకు జరిపి, చెయ్యి తిప్పితే అప్పుడు మాట వచ్చేది. మోకాలు పట్టేస్తే పాట అక్కడే ఆగిపోయేది. తైలం రాసి, వేణ్ణీళ్ళ కాపడం పెట్టి, మళ్ళీ నిలబెట్టేదాన్ని. ముప్పైకి పైగా పాటల్లో మూడే పూర్తిగా దక్కాయి. ఒకటి చదివి వినిపిస్తే కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఇది నా పాట కాదే. సీకాకుళం ముసిల్ది ఒడ్లు దంచుతూ ఏడుత్తున్నట్టుంది."

నవ్వు ఆగాక కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"రాయి, రాయి. నీకు సదవడం రాకపోడం నీ తప్పేటి? నీ సేతిలో ఏదో ఒకటి మిగల్నీ."

మరుసటి ఏడు వానలు పడకముందే ఆమె వెళ్ళిపోయింది. ఒక్కనాడైనా నన్ను తిట్టి ఉంటే నా గుండె బరువు కొంత తగ్గేది. ఆ దయకు కృతజ్ఞత చెప్పుకోవడం తప్ప దాన్ని మోయడం నాకు నేటికీ చేతకాలేదు.

రోజూ పూజయ్యాక ఆ మూడు పాటలూ చదువుతాను. బాణీలు నాకు పట్టుబడక ఆమెతోనే పోయాయి గనక నాకొచ్చిన కీర్తనల వరసలోనే చదువుతాను. కింది అంతస్తులోకి ఈ మధ్య దిగిన బర్మా ఆవిడ ఒకనాడు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడి అంతా విని, చేతులు జోడించి, మీ దేవుడి పాట ఎంత బాగుందో అంది. తన భాషేనని ఆమెకు తెలియలేదు. నేను అవునన్నాను. ఒకప్పుడు ఈ ఊళ్ళో హాళ్ళకు హాళ్ళు ఆ మాటల్ని అందుకుని పాడాయి. ఇప్పుడు అదే ఊళ్ళో వాటిని గుర్తుపట్టే చెవి లేదు, నేను తప్పు చదివితే నవ్వే మనిషీ లేదు.