ముఖాలు తిప్పుకున్న రాణులు

చిన్నప్పుడు పత్తికొండలో చిచ్చుబుడ్డి పేలి నా కుడిచెయ్యి కాలింది. మచ్చ చిన్నదే, భయమే పెద్దదైపోయింది. ఇప్పుడు కర్నూలులో పిల్లలకు చరిత్ర చెబుతాను. యుద్ధాల గురించి ఎంతసేపైనా దంచుతాను గానీ, అగ్గిపుల్ల గీయమంటే మాత్రం పక్కవాళ్ల చేతికిస్తాను.

పెళ్లయ్యాక ప్రతి దీపావళికీ మైదుకూరులో అత్తగారింటికి వెళ్తాం. వీధిలో టపాకాయలు మొదలవగానే అత్త వంటింట్లోంచి, "అమ్మీ, ఓళిగలు చేసేకి రా" అని బొబ్బట్ల పనికి కేకేసేది. బతుకు జీవుడా అని లోపలికి పరిగెత్తేదాన్ని.

పోయిన దీపావళికి మా ఆయన మా ఆరేళ్ల పాప చేతికి రవ్వలు రాల్చే సురుసురుబత్తి ఇవ్వబోయాడు. అది చేతులు వెనక్కి దాచుకుని, "నాకూ వంటింట్లో పనుండాది" అంటూ నా వెనకే వచ్చేసింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నా భయాన్ని బిడ్డకు అంటగట్టానే అని ఏడుపొచ్చింది.

దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాఠం కోసం తెచ్చుకున్న పుస్తకంలో ఒక పాత చిత్రం చూపించాను. మిద్దె మీద రాణులు నిలబడి, చేతుల్లో పువ్వుల్లా రాలే బాణసంచా పట్టుకున్నారు.

"చూడు, రాణులు భయపడ్డారా?" అన్నాను.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మ మీదికి వంగింది.

"భయపడకేం? బాగా చూడు మ్మే. ఒక్కతన్నా ఆ రవ్వల దిక్కు చూస్తాందా? అందరూ మొగాలు అవతలికి తిప్పుకోని ఉండారు."

నిజమే. నేనెప్పుడూ వాళ్ల నగలే చూశాను.

"నాకూ శానా భయం" అంది అత్త ఉన్నట్టుండి. "ఒక్కదాన్నే లోపల కుచ్చుంటే నగుతారని నిన్ను తోడు పిలుస్తాంటి."

ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఇన్నేళ్లూ ఒకరి చాటున ఒకరం దాక్కున్నాం, దొందూ దొందే!

"పాండి, ఆయమ్మల మాదిరే పట్టుకుందాం" అని అత్త పొయ్యి ఆర్పేసింది.

ముగ్గురం వాకిట్లోకి వచ్చాం. అత్త చెయ్యి బారుగా చాచి, తల గేటు వైపు తిప్పుకుని, దీపం మీద సురుసురుబత్తి అంటించింది. ధైర్యం చెప్పేవాళ్లు నాకు శానామంది దొరికారు. ఎవరి మాటా నన్ను వంటింట్లోంచి కదిలించలేదు. తన భయం దాచుకోకుండా చెప్పింది అత్త ఒక్కతే. ఆ మాటకు ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

నా వంతు వచ్చింది. బత్తిని దీపం దాకా తీసుకెళ్లి వెనక్కి లాక్కుంటుంటే పాప వచ్చి నా మణికట్టు పట్టుకుంది. బత్తి చిటపటమంటూ అంటుకుంది. నేను కళ్లు మూసుకుని ముఖం గోడవైపు తిప్పేసుకున్నాను. ఆ చిన్న చెయ్యి నన్ను వదల్లేదు.

"నువ్వు ఆపక్కే తిరుక్కో మా" అంది పాప. "నేను చూస్తాండా. ఎట్లుండాదో నీకు చెప్తా."