నీళ్లు నిలవని జాగా

మా ఇంటి పక్కన ఖాళీ జాగా సర్కారుది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉన్న మా కాలనీలో అంత వెడల్పు చోటు ఇంకెక్కడా లేదు. పెళ్లికి టెంటు వేసినా, మిరపకాయలు ఎండబోసినా అక్కడే. అందుకే టేపు పట్టుకుని ఎవరొచ్చినా మా ఆడవాళ్ల కళ్లన్నీ వాళ్ల మీదే ఉండేవి. అమీన్‌పూర్‌లో మా చెల్లెలింటి ముందు కూడా ఇట్లాగే కొలిచిపోయారు. నెల తిరక్కుండా ప్లాట్ల బోర్డు పాతారు.

ఆ రోజు ఇద్దరొచ్చారు. ఒకాయన టేపు లాగుతుంటే, ఇంజనీరునని చెప్పుకున్నాయన నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు.

"ఈడ ఫైర్ స్టేషన్ వస్తదమ్మా. వానకాలం నీళ్లు నిలుస్తయా?" అని నన్నడిగాడు.

అంతకుముందు వెనక గల్లీలో తుక్కు గోదాము అంటుకుంటే, ఫైరింజను ట్రాఫిక్కు దాటుకొని వచ్చేసరికి అంతా బూడిదైంది. అప్పుడు మొహం చూపించనివాళ్లకు ఇప్పుడు మా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో? ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు. బూట్లకు మట్టి లేదు. ప్లాట్లవాళ్ల మనిషేనని ఖాయం చేసుకున్నాను.

"నిలుసుడేంది సారూ, నడుము దాక వస్తయి," అన్నాను.

పక్కింటి వదిన కోస్తా మనిషి. భర్త ఫ్యాక్టరీ ఉద్యోగంతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె నన్ను మించిపోయింది. "కిందటేడు మా గేదె కొట్టుకుపోయిందండీ!" అంది.

ఆయన అదీ రాసుకుని వెళ్లిపోయాడు.

"గేదెనెప్పుడు కొన్నవ్ వదినా?"

"మీరు నడుము దాకా నీళ్లు తెచ్చారుగా వదినా, అందులో ఏదో ఒకటి ఈదొద్దూ?"

ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

రెండు నెలలకు మున్సిపల్ ఆఫీసు గోడకు ప్లాను కాగితం అంటించారు. మా కోడలు చదివి వచ్చింది.

"నిజంగనే ఫైర్ స్టేషన్ అత్తమ్మా. నీళ్లు నిలిచే జాగనట, నాలుగు ఫీట్ల ఎత్తు మట్టి పోస్తరట."

ఆ జాగాకు ఆనుకొని ఉన్నది మా వంటగది. నాలుగడుగుల మట్టి పోస్తే పడ్డ వానంతా మా పొయ్యి మీదికే వస్తుంది. నేనూ మా ఆయనా ఇటుకలు మోసి కట్టుకున్న ఇల్లు అది.

ఇంజనీరు మళ్లీ వచ్చిన రోజు ఎదురెళ్లాను. "సారూ, ఈడ నీళ్లు నిలవయి. జల్దీ ఆ మాట కొట్టేయుండ్రి."

ఆయన పెన్ను మూసేశాడు. "మొన్న నడుము దాక అన్నది మీరే గద? గేదె గూడ పాయె. ఇయ్యాల ఎవరు చెప్పమన్నరు? మట్టి తగ్గితే లాభమెవరికి?"

మూలకున్న పాత మట్టిగోడ చూపించాను. నీళ్లు నిలిస్తే అది అట్లా ఉండేదా? ఆయన తాళంచెవితో గీకి చూశాడు.

"మళ్ల మెత్తిండొచ్చు," అన్నాడు. నమ్మలేదు.

గట్టి వాన పడ్డ పొద్దున, చెప్పకుండా వచ్చి గొడుగు కింద నిలబడ్డాడు. నీళ్లు జారి రోడ్డు పక్క కాలువలోకి పోతుంటే గంటసేపు చూశాడు. ఈసారి బూట్ల నిండా బురదే.

"మొదాల అబద్ధమెందుకు చెప్పిండ్రు?"

"ప్లాట్లోళ్లనుకున్నం సారూ."

"అయితే నీళ్లు నిలవవని రాసిస్త, సంతకం పెట్టుండ్రి. ఉత్త మాట మీద ప్లాను మార్చలేను."

నాకొచ్చిందల్లా పేరు రాయడమే. జాగా కాగితం మీద సంతకమంటే మా ఇంట్లో ఎవరికైనా భయమే. వదిన వైపు చూస్తే ఆమె కొంగు సర్దుకుంటోంది. పెట్టకపోతే వంటగది మునుగుతుంది. పెడితే ఏం మునుగుతుందో తెలియదు. కోడలితో రెండుసార్లు చదివించుకుని పేరు రాశాను. కింద సగం కాగితం ఖాళీగా ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా పెద్ద గీత గీసేశాను.

"గిదెందుకమ్మా?"

"రేపు ఎవరేం రాసుకుంటరో నాకేమెర్క సారూ?"

ఆయన నవ్వలేదు. ఫోను తీసి, గీతతో సహా కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. "రేపు మీరు మళ్ల మాట మారుస్తరేమో, నాకేమెర్క?" అన్నాడు.

కొత్త ప్లానులో మట్టి ఒక్క అడుగుకు దిగింది. మా వంటగది వైపు కాలువ కూడా గీశారు. ఆ మాట నేను కోడలితో ఒకసారి, వదినతో ఒకసారి విడివిడిగా చదివించుకున్నాను.