అతుకు కింద దారి

ఆ ఇంట్లో ప్రయాణం కంటే ప్రయాణానికి ముందు సాయంత్రాలే బాగుండేవి. టైలరమ్మ కత్తిరింపుల బల్ల మీది బట్టలన్నీ పక్కకు నెట్టి, వ్యాను నడిపే ఆమె మొగుడు మ్యాపు పరిచేవాడు. నాలుగు మూలలా నాలుగు బరువులు: కత్తెర, ఇస్త్రీపెట్టె, రెండు మంచినీళ్ళ గ్లాసులు. ఆయన వేలితో దారి చూపిస్తుంటే ఆమె వంపు వంపునా దారం ఆనించి, ఆ దారాన్ని మ్యాపు కింది అంచున అచ్చేసిన స్కేలు మీద చాచి, "నూట నలభై కిలోమీటర్లు" అని తేల్చేది. అప్పటికి చిన్నపిల్లయిన కూతురు బల్లెక్కి కూర్చుని ఊళ్ళ పేర్లు పైకి చదివేది. నిజంగా వెళ్ళినవి నాలుగు ఊళ్ళయితే బల్ల మీద తిరిగొచ్చినవి నలభై. ఖర్చు లేని షికారు ఎవరికి చేదు?

ఆయనకు అరికాళ్ళలో చక్రాలు, తలలో మాత్రం చిల్లులు. తోటి డ్రైవర్లు చెప్పిందల్లా అప్పటికప్పుడు మ్యాపు మీదే పెన్సిలుతో రాసుకునేవాడు. ఇక్కడ టీ బాగుంటుంది, ఇక్కడ వంతెన ఇరుకు.

"ఇదంతా బుర్రలో పెట్టుకోవచ్చుగా?" అంటే, "గుర్తుపెట్టుకోవడం మ్యాపు పని. నా పని స్టీరింగు తిప్పడం" అనేవాడు.

మడతపెట్టగా మడతపెట్టగా ఓ ఏడాది మ్యాపు నడిమికి చిరిగింది. ఆయన ఇంట్లో లేనప్పుడు ఆమే అతికించింది. బట్టలు కుట్టే చెయ్యి కదా, అంచు మీదికి అంచు వేలెడు ఎక్కించి, జిగురు రాసి, ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. ఈ పక్క దారి ఆ పక్క దారితో కలిసిందా లేదా అన్నదొక్కటే చూసుకుంది. నీటుగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

ఆ నెలలోనే, కొండ మీది ఊళ్ళోని బంగళా ఎలా ఉందో ముందు చూసొస్తానని, బాగుంటే పైవారం ముగ్గురం వెళ్దామని, ఆయన ఒక్కడే బయల్దేరాడు. ముందురోజు ఆమె కొలిచిన దారం లెక్కన పొద్దుండగానే చేరాలి. పొద్దు వాలుతుండగా దారిలోంచి ఫోను చేశాడు.

"ఏమేవ్, ఇంకా ఊరు రాదేంటే? నీ దారం ప్రకారం ఈపాటికి వచ్చేయాలే!"

"నా దారం అబద్ధం చెప్పదండీ. ముందుకు పోనివ్వండి" అని నవ్విందామె.

ఆయన పోనిచ్చాడు. ఓ మలుపులో వ్యాను లోయలో పడింది.

బ్రేకులన్నారు, నిద్రన్నారు, తలరాతన్నారు. వ్యానులో దొరికిన మ్యాపును ఆమె పెట్టె అడుగున పడేసింది. కానీ తొమ్మిదేళ్ళుగా, సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ ఆ గొంతు వినబడుతూనే ఉంది. ఇంకా ఊరు రాదేంటే? దారం తప్పు చెప్పిందా, ఆయన తప్పు నడిపాడా? తేలాలంటే మళ్ళీ కొలవాలి. ఆ ధైర్యం ఆమెకు లేదు.

మొన్న ఆదివారం కూతురు వచ్చి, "అమ్మా, నాన్న చేరని ఆ బంగళాకు మనిద్దరం వెళ్దాం. నేను నడుపుతా" అంది.

"దారి ఫోన్లో చూసుకోవే."

"ఊహూ. నాన్న మ్యాపే కావాలి."

తనే పెట్టె తీసి, మ్యాపు బల్ల మీద పరిచింది. కత్తెర, ఇస్త్రీపెట్టె, రెండు గ్లాసులు. ఇక తప్పక టైలరమ్మ ఆనాడు కొలిచిన పొడవుకే దారం తుంచింది. ఆ పొడవు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

"ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కిందేంటమ్మా?" అంది కూతురు, అతుకు తడుముతూ.

టైలరమ్మ కూడా వేలుపెట్టి తడిమింది. అంచు ఎక్కిస్తే బట్టకు గట్టిదనం. దారికి? ఇంత పనిమంతురాలికి ఆ మాత్రం తట్టలేదు. తడిగుడ్డ అద్ది, కుట్టు విప్పినంత ఓపిగ్గా అతుకు ఊడదీసింది. కింద వేలెడు మేర దారి మెలికలు మెలికలుగా ఉంది. పక్కనే ఆయన పెన్సిలు రాత.

'పన్నెండు మలుపులు. చీకటి పడితే కిందే ఆగాలి.'

"నేనే అతికించానే" అంది. "ఆయన రాసుకున్నదాని మీద నేనే అతికించాను."

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. ఏడవడానికి కూడా టైలరమ్మకు సిగ్గేసింది. చివరికి కూతురే, "పొద్దున్నే బయల్దేరదాం. నువ్వు కొలువమ్మా" అంది.

ఆమె ఇంటి దగ్గర మొదలుపెట్టి, వంపు వంపునా దారం ఆనిస్తూ వెళ్ళింది. ఆయన అన్నది నిజమే. ఊరు ఇంకా రాలేదు. దారం రెండు వేళ్ళు చాలలేదు.