చల్లపెట్టెకు కప్పిన టార్పాలిన్

ఆ కాలంలో మా అనంతపురానికి వాన అంటే దూరపు చుట్టం. వస్తున్నానని కబురు పంపేది, మబ్బులు పట్టించేది, మనం బయట ఎండేసిన వడియాలు లోపల పెట్టుకునేలోగా ఏ కర్నూలు దారో పట్టి వెళ్లిపోయేది. ఊరూరా దేవుడికి బిందెలతో నీళ్లు పోసి వేడుకునేవాళ్లు. అలాంటి జిల్లాలో, వాన రాకూడదు స్వామీ అని చేతులు జోడించిన మనిషి ఒకడుండేవాడు. వాడికి ఇరవై రెండేళ్లు, సన్న మీసం, బేరంలో తనంతటి వాడు లేడన్న గర్వం. వాడు నేనేనని ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను. (ఇంకా కొంచెం సిగ్గుగానే ఉంది.)

మాది తాళ్లు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్మే అంగడి. మా ఇళ్లల్లో పిల్లలు నడక కంటే ముందు బేరం నేర్చుకుంటారు. ఆ ఏడు కోస్తా నుంచి వచ్చి మా వీధి చివర కాపురమున్న ఇంజనీరు గారికి బదిలీ అయింది. ఆయన దగ్గర కిటికీలో పెట్టే ఏసీ ఉండేది. మా వైపు ఇళ్లల్లో ఫ్యాను తిరిగితేనే గొప్ప. ఆ పెట్టె మీద నా కన్ను పడింది. మూడు సాయంత్రాలు ఆయన వరండాలో కూర్చుని దానికున్న తుప్పు మచ్చలన్నీ పేరు పేరునా పలకరించాను. సముద్రపు గాలి తిన్న సరుకు సార్ అన్నాను, ముసలి ఎద్దులా మూలుగుతోంది సార్ అన్నాను. చివరికి ఆయన విసిగి సరేనన్నాడు. పెట్టెను జట్కా బండికెక్కిస్తుంటే పాపం ఆయనే వెంట వచ్చాడు. "చూడు బాబూ, తుఫాను రోజుల్లో దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. మా ఊళ్లో గాలివాన అనగానే వెనకవైపు కప్పేసేవాళ్లం. అయితే కప్పి ఉన్నప్పుడు మాత్రం..." అని ఏదో చెప్పబోయాడు. బేరం కుదిరాక అమ్మినవాడి మాట వినకూడదని మా నాయన నేర్పిన మొదటి పాఠం. "తోలప్పా బండి!" అన్నాను. ఆయన మాట సగంలో ఆగిపోయింది. ఆ మిగతా సగం కోసం తర్వాత నేనెంత ఏడ్చానో ఆయనకు తెలియదు.

ఇంట్లో దానికి చల్లపెట్టె అని పేరు పెట్టారు. వెనక భాగం పెరట్లోకి, ముందు భాగం గదిలోకి వచ్చేలా కిటికీలో బిగించాము. దసరాకి అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టింది. స్విచ్చి వేస్తే వీధిలోని బల్బులన్నీ ఒక్కసారి తలవంచేవి. (అది మా గొప్పతనానికి నమస్కారమనుకున్నాను. కరెంటు తక్కువై అలా జరిగేదని పక్కింటివాళ్లు తిట్టినప్పుడు తెలిసింది.)

దీపావళి దాటాక ఒక ఉదయం రేడియోలో చెప్పారు. బంగాళాఖాతంలో తుఫాను, రాయలసీమలో కూడా భారీ వర్షాలు. నిమిషాల్లో అంగడి ముందు రైతులు. వేరుశనగ పీకి కల్లాల్లో కుప్పలు వేసిన సమయం అది. మధ్యాహ్నానికి టార్పాలిన్లన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది. నాయన భోజనానికి వెళ్తూ, "ఆ ఒగటి తీసి పెట్టు. గొడుగు మామ వస్తాడు, ఇచ్చి పంపు" అన్నాడు.

గొడుగు మామ గార్లదిన్నె పక్క రైతు. మా అంగడికి నాయన పెళ్లికి ముందు నుంచీ వస్తున్నవాడు. వాన పడినా పడకున్నా (పడేది ఎప్పుడు గనక) ఎండకని గొడుగు చేత పట్టుకునే తిరిగేవాడు, అందుకా పేరు. ఆయన రావడం, నాకు ఇంజనీరు గారి మాట గుర్తు రావడం ఒక్కసారే జరిగాయి. వెనకవైపు కప్పాలి. ఉన్నది ఒకటే టార్పాలిన్.

"ఏమప్పా చిన్నశెట్టీ, టార్పాలు ఒగటన్నా ఉండాదా? కాయంతా కల్లంలో ఉండాది. ఈసారి కాస్త బాగా పండిందప్పా, ఎన్నేండ్లకో."

లేదంటే సరిపోయేది. కానీ అది ఆయన కళ్లెదుటే బల్ల మీద ఉంది. అందుకే పుట్టినప్పటి నుంచీ నేర్చిన విద్యనంతా తలకిందులుగా ఉపయోగించాను. ఉన్న సరుకును అమ్మకుండా ఉండటానికి బేరం మొదలుపెట్టాను.

"ఉండాది మామా. కానీ నీకెందుకు దుడ్లు దండగ? తుఫాను నెల్లూరు దాటి పైకి పోయిందంట. ఇప్పుడే రేడియోలో సెప్పినారు."

"పోయిందా? నిజమేనా?"

"నేనెప్పుడైనా అమ్మనని సెప్పినానా మామా? అమ్ముకునేవాడే వద్దంటే ఆలోసన చెయ్యి. మన అనంతపురానికి వానెప్పుడొచ్చింది?"

ఆ ఆఖరి మాటకు ఆయన నవ్వాడు. అంత బలమైన సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు మరి. "అదీ నిజమేలే. నీ నోటి మాట సాలు" అని గొడుగు తెరుచుకుని ఎండలోకి నడిచాడు. ఎండ నిజంగానే ఉంది. నా మనసులో ఏమూలో చిన్న ముల్లు గుచ్చుకుంది, నేను దాన్ని పట్టించుకోలేదు. సాయంత్రానికల్లా చల్లపెట్టె వెనకంతా టార్పాలిన్ చుట్టి, మా అంగడి తాళ్లతోనే గట్టిగా బిగించాను. గాలి కూడా దూరకుండా.

మరునాడు మొదలైంది వాన. అలాంటి వాన మళ్లీ చూడలేదు. రెండు రోజులు ఆగకుండా కురిసింది. బుక్కరాయసముద్రం చెరువు నిండి మరవ పారుతోందని జనం పిల్లాపాపలతో చూడటానికి పరిగెత్తారు. తడుస్తూ, నవ్వుతూ, ఒకరినొకరు పట్టుకుని. నేను పెరట్లో తాళ్లు సరిచేస్తూ కూర్చున్నాను. "వాన పడితే ఏడ్సేవాడు ఈ జిల్లాలో నువ్వొక్కడివేరా" అంది అమ్మ. నాయన గోనెసంచి తలమీద వేసుకుని పెరట్లోకి వచ్చి, టార్పాలిన్ వైపు చూసి ఆగాడు.

"గొడుగు మామ రాలేదా?"

"వచ్చినాడు నాయనా. వద్దని పోయినాడు."

"రైతు టార్పాలు వద్దన్నాడా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఎదురుచూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ నడకలోనే నాకు పడవలసిన తిట్లన్నీ ఉన్నాయి.

మూడోనాడు వాన తగ్గింది, మబ్బు పోలేదు. ఆ రోజే ధర్మవరం నుంచి మేనత్త వచ్చింది, పట్టుచీరలో, చల్లపెట్టెను చూడటానికే. మబ్బు ఉంది కదా, కప్పు తీయడమెందుకని అలాగే స్విచ్చి వేశాను. అత్త ముందు కూర్చుంది. పది నిమిషాలు పెట్టె మూలిగింది. ఇరవై నిమిషాలకు మూలుగు కేకైంది. తర్వాత కాలిన వాసన, ఒక "ఢబ్", ఆపైన నిశ్శబ్దం. "ఇదేమిరా, సల్లపెట్టె అంటివి, పొయ్యి మాదిరి ఉండాది!" అంది అత్త.

వచ్చిన మెకానిక్ టార్పాలిన్ చూసి తల కొట్టుకున్నాడు. "ఏమన్నా ఇది? దీని యెనక ఎండకీ వానకీ తట్టుకునేటట్టే చేసినారు. దానికి గాలి కావల్ల. ముక్కు మూసి పరిగెత్తమంటే మనిషైనా సస్తాడు కదన్నా." ఇంజనీరు గారి మాటలో నేను వినని సగం అదీ. వానకు చావని పెట్టెను నేను కాపాడి చంపాను.

వారం తర్వాత గొడుగు మామ మా ఇంటికి వచ్చాడు. చంకలో సంచి. "శానా తడిసిపోయినాయప్పా. సగం కుప్ప మొలకెత్తింది. పనికొచ్చినన్ని ఏరి ఉడకేసినాము, తినండి" అని సంచి అమ్మ చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి, "నువ్వేమి జేస్తావులే. ఆ రేడియోవాళ్లు తప్పు సెప్పినారు" అన్నాడు. రేడియోవాళ్లు నిజమే చెప్పారు.

"సల్లపెట్టె అంట కదా, ఒగసారి సూస్తా" అన్నాడు. ఎలా కాదనగలను? చచ్చిన పెట్టె ముందు కూర్చోబెట్టాను. తుఫాను చలి ఇంకా గదిలో ఉంది. ఆయన కళ్లు మూసుకుని, "అబ్బా, బలే సల్లగా ఉండాదప్పా" అన్నాడు. గుమ్మంలో నిలబడిన నాయన నేలవైపు చూశాడు.

తర్వాత చెయ్యి కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వెళ్లాడు. నేను వద్దనేలోగా గోడకు తగిలించిన టార్పాలిన్‌ను చూశాడు. రెండు వేళ్లతో పట్టి, బట్ట చూసినట్టు చూశాడు.

"ఆ పొద్దు బల్ల మీదుండింది ఇదేనా?"

"ఊఁ, మామా."

"మంచి పట్టా. సుక్క గూడా దిగదు."

అంతే. నేను దాన్ని తీసి మడతపెట్టి, "తీస్కో మామా, ఊరికే తీస్కో" అని చేతిలో పెట్టబోయాను. ఆయన గొడుగు తెరుస్తూ, "ఇప్పుడు కప్పేదానికి ఏముండాదప్పా" అన్నాడు. కోపం లేదు. అది ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంటిమీద ఏసీ డబ్బా వానలో తడుస్తూ ఉంటుంది. కప్పుదామా అని పిల్లలడిగితే, దానికేం కాదు, తడవనీ అంటాను. అంగడిలో మాత్రం రేడియోలో వాన మాట వింటే చాలు, వచ్చిన రైతుకల్లా చెబుతాను: వానొస్తాది, టార్పాలు తీస్కపో, దుడ్లు తర్వాత చూసుకుందాం. వాళ్లు నా వైపు చూసి, ఒకరి భుజం మీద ఒకరు తట్టుకుని నవ్వుకుంటారు. "సావుకారి అమ్ముకునేదానికి ఎన్నైనా సెప్తాడులే" అంటారు. వాన పడదని అబద్ధం చెప్పిననాడు ఒక్క మాటకే నమ్మారు. నిజం చెబుతున్న ఈ ముసలివాణ్ని నమ్మించడానికి మాత్రం రోజూ బేరమాడవలసి వస్తోంది. ఆడుతూనే ఉన్నాను.