ఆరు చక్రాల రైలుపెట్టె

మా తమ్ముడు లక్ష్మీరాజం పరమపదించాడు. మొన్న సోమవారం రంగు డబ్బా తెచ్చుకుంటానని కోరుట్లకు పోయినవాడు అక్కడి బస్టాండులోనే కుప్పకూలాడు. మధ్యాహ్నం బస్సుకు రావలసిన మనిషి జీపులో పడుకొని సిరిసిల్లకు వచ్చాడు. ఆ క్షణం నుంచి నా మనసు నిశ్చేష్టమైంది గాని కాలు మాత్రం ఒక్కచోట నిలవడం లేదు. మూడో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే మన్నించాలి.

ఇంటిల్లిపాదీ మగ్గాలు నేస్తే అతడొక్కడే పట్నంలో రైలుపెట్టెల కార్ఖానాలో వడ్రంగం చేశాడు. భార్య పోయాక నా ఇంటికి చేరాడు. మా మరదలికి కడపటి రోజుల్లో జగిత్యాల మిషన్ దవాఖానలో ఐర్లాండు దేశపు సిస్టరమ్మ కన్నబిడ్డలా సేవ చేసింది. ఆమె తండ్రి ఆ దేశంలో రైలు గార్డట. ఆయన తిరిగిన పాతకాలపు పెట్టెలు ఇప్పుడు లేవట. అట్లాంటి పెట్టె ఒకటి చేసి ఆమె చేతిలో పెట్టడమే రుణవిముక్తి అని తమ్ముడు సంకల్పించాడు. కోసి మలచడానికి ఆమె, దవాఖాన పిల్లలు ఆడుకునే బొమ్మరైలు పెట్టెలు రెండు ఇచ్చింది. కొలతల పటాలు, పెట్టె పక్కన నిలబడ్డ తండ్రి ఫోటో కూడా నమ్మి ఇచ్చింది.

బొమ్మకు ఎనిమిది చక్రాలు. ఐర్లాండు పెట్టె పొట్టిది, ఆరే చక్రాలు. తమ్ముడు రంపం పెట్టి నడుమకు కోస్తుంటే చూడలేక అడిగాను.

"బంగారమసొంటి బొమ్మను గట్ల కోస్తవేందిరా?"

"కొయ్యకుంటె గిది ఏ ఊరి బండైనా అయితదక్కా. కోస్తెనే సిస్టరమ్మ నాయిన బండి అయితది."

తలుపు పిడి గోరంత కిందికి వచ్చిందని మూడుసార్లు పీకి పెట్టాడు. "ఎవలు చూస్తరురా?" అంటే, "ఎక్కినోళ్ళు చూస్తరు" అన్నాడు. అంతటి నిష్ఠాగరిష్ఠుడు.

మూడేండ్ల కిందటి మాట. తంగళ్ళపల్లి దిక్కు పోలీసులు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని తెలిసింది. నక్సలైట్ అన్నల కాగితమని అనుమానం వస్తే మనిషినే ఎత్తుకుపోయే రోజులు. మా వాడకట్టంతా కాగితాలు పొయ్యిలో పెడుతోంది. తమ్ముడు ఇంట్లో లేడు. పటాల నిండా ఎర్ర పెన్సిలు గీతలు, నాకు రాని అక్షరాలు. ఫోటోలో టోపీ మనిషి. మనిషి ఫోటో దొరికితే ఎవడంటారు, ఎక్కడున్నాడంటారు. అన్నీ పొయ్యిలో పెట్టాను. మంట వృథా పోనియ్యక స్నానానికి నీళ్ళు కూడా కాచాను.

పొద్దుగూకే వేళ వచ్చాడు. చెప్పాను.

"ఫోటో గూడనా?"

"గూడనే. నీ పానం కంటె ఎక్కువనా?"

గుంజ పట్టుకొని పొయ్యిలోని బూడిద చూశాడు. "మంచిపని చేసినవక్కా. ఇల్లు మిగిలింది" అన్నాడు.

తెల్లారి పోలీసులు వచ్చారు. బియ్యం కుండలో చేతులు పెట్టారు. ఎస్సై సగం కోసిన పెట్టె ఎత్తి, "గిదేంది?" అన్నాడు.

"ఐర్లాండు రైలు డబ్బా సారూ" అన్నాడు తమ్ముడు.

"సిరిసిల్లకే రైలు లేదు, నీకు ఐర్లాండు డబ్బా కావల్నా?" అని నవ్వి పోయాడు. నిన్నటిదాకా ఆ కాగితాలున్న సందూకు మూత కూడా ఎత్తలేదు.

తమ్ముడు జ్ఞాపకంతోనే పెట్టె పూర్తిచేసి జగిత్యాలకు తీసుకుపోయాడు. "సిస్టరమ్మ ఖుషీ అయింది" అన్నాడు. నేను నమ్మాను. మిగిలిన బొమ్మతో చేస్తున్న రెండో పెట్టెకే మొన్న రంగు తేబోయాడు.

నిన్న సిస్టరమ్మ పరామర్శకు వచ్చింది. నా చెయ్యి పట్టుకొని అంది: "ఫోటో బస్సుల పోగొట్టిన అని మీ తమ్ముడు మస్తు బాధపడిండమ్మా. నాతోని డిపోకొచ్చి కండక్టర్లందర్ని అడిగిండు. మా నాయినది గదొక్కటే ఉండె. నేనెప్పుడో మాఫ్ చేసిన."

పొయ్యిలో బూడిదైనదాన్ని డిపోలో వెతికాడు నా తమ్ముడు! ఆమెకు నిజం చెప్పలేదు. చాయ పోసి పంపించాను. ఈ నాలుగు మాటలు రాస్తూ ఎన్నిసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చానో నాకే తెలియదు.

సత్యసంధుడైన నా తమ్ముడు నాకు తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. ఇది చదివినవాళ్ళు జగిత్యాలలో ఆ తల్లికి వినిపించండి. ఫోటో బస్సులో పోలేదు. లక్ష్మీరాజం పోగొట్టలేదు. చూసి, తెలిసి, నేనే కాల్చాను. మాఫీ అతనికి అక్కరలేదు, నాకు కావాలి. నా తప్పు తనదని చెప్పేవాడు ఇక లేడు.