విరిగిన వెన్నుతో మండపం దాకా

ఆ పొద్దున మా ఆయన చెప్పుల ముందు నిలబడి వాటినే చూస్తున్నాడు. వంగడు, కాలు పెట్టడు.

"ఏందయ్యా, చెప్పులు ఎన్నడు సూడలేదా?" అన్నాను.

"నడుం పట్టింది. జెర నువ్వే తొడుగు" అన్నాడు.

మంచినీళ్లు కూడా తానే ముంచుకుని తాగే మనిషి, చెప్పులు తొడగమన్నాడంటే ఏదో దాస్తున్నాడనుకున్నాను.

మాది కోటగిరి. నేను బీడీలు చుడతాను. మా ఆయన సాయిలుకు బరాత్‌లకు, అంటే పెళ్లికొడుకు ఊరేగింపులకు, గుర్రాన్ని తీసుకెళ్లే పని. చాందిని అని మాకో తెల్ల ఆడగుర్రం ఉంది. పెళ్లికొడుకు ఎక్కేముందు మా ఆయనే ఎక్కి, బ్యాండుకు తగ్గట్టు దానితో చిందులు వేయిస్తాడు. బోధన్‌లోనే కాదు, అటు మహారాష్ట్ర వైపు ఊళ్లవాళ్లు కూడా ఆ చిందుల కోసమే పిలుస్తారు.

హైదరాబాద్‌లో గుర్రపు స్వారీ నేర్పే చోట మా మరిది పనిచేస్తాడు. అన్న మీద ప్రేమతో ఒక హెల్మెట్, ఒక వెస్ట్ తెచ్చిచ్చాడు. వెస్ట్ అంటే ఛాతీకీ వీపుకీ మందంగా ఫోమ్ పెట్టి కుట్టిన కోటు లాంటిది. హెల్మెట్ మీద రుమాలు చుడితే ఎవరికీ తెలియదు కాబట్టి అది పెట్టుకునేవాడు. వెస్ట్ మాత్రం ఇంట్లో కొక్కేనికే వేలాడేది. దాని మీద షేర్వానీ గుండీలు పట్టవట, పొట్ట వచ్చినట్టు కనబడతాడట. ఉన్న పొట్ట సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు.

చెప్పులు తొడుగుతూ గట్టిగా అడిగితే అసలు విషయం బయటపడింది. ముందురోజు సాయంత్రం బోధన్‌లో బరాత్. చాందిని చిందులు వేస్తుంటే ఎవరో దాని కాళ్ల దగ్గరే పటాకుల లడీ అంటించారు. అది ముందుకాళ్లు ఎత్తింది, ఈయన సిమెంటు రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు ఊరుకున్నాడా? దులుపుకుని లేచాడు. మా దగ్గర ఒక పట్టింపు ఉంది. బరాత్ గుర్రం ఒకసారి కదిలిందంటే మండపం చేరేదాకా ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. అందుకని పెళ్లికొడుకును ఎక్కించి, పగ్గం పట్టుకుని మండపం దాకా నడిచాడు. పైగా భోజనం కూడా చేసి వచ్చాడు.

"బగారన్నం మంచిగుండె" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అత్త అప్పటికే నువ్వుల నూనె వెచ్చబెట్టింది. "నరాలు తోమేటాయినను పిలుద్దాం బిడ్డా, పొద్దుగూకేసరికి లేసి ఉరుకుతడు" అంది. నేనూ సరే అనబోయాను. అప్పుడే మా ఆయన మెల్లగా, "కాళ్లల్ల చీమలు పాకుతున్నట్టున్నదవ్వా" అన్నాడు. దెబ్బ నడుముకు తగిలితే చీమలు కాళ్లలో ఎందుకు పాకుతాయి? నాకు భయం పుట్టింది. నూనె పక్కన పెట్టించి 108కి ఫోన్ చేశాను. వాళ్లు ఆయనను నడవనివ్వలేదు. పలక మీద పడుకోబెట్టి, కదలకుండా పట్టీలు కట్టి నిజామాబాద్ తీసుకెళ్లారు.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ అన్నీ అయ్యాక డాక్టరు గారు నన్ను పిలిచారు. "ఎల్‌వన్ బర్స్ట్ ఫ్రాక్చర్ అమ్మా. నడుము దగ్గర వెన్నుపూస చితికింది. పక్కటెముకలు కూడా చిట్లినయి. పడ్డంక ఏం చేసిండు?"

మంచం మీంచి ఆయనే జవాబిచ్చాడు. "నెత్తికి హెల్మెట్ ఉండె సార్, బరాత్ మండపం దాకా తీస్కపోయిన. గుర్రం ఆగొద్దు గద."

డాక్టరు గారు ఆయన వైపు తిరిగారు. "హెల్మెట్ పెట్టుకున్నవ్ కాబట్టి నీతోని మాట్లాడుతున్న. లేకుంటే మీ ఆవిడతోనే మాట్లాడేటోణ్ణి" అన్నారు.

ఇంట్లో కొక్కేనికి వేలాడే వెస్ట్ వేసుకుని ఉంటే వెన్ను విరిగేది కాదా అని అడిగాను. డాక్టరు గారు దాచకుండా చెప్పారు. "గ్యారంటీ ఇయ్యలేనమ్మా. పక్కటెముకలకు మంచి కాపుదల. వీపుకు తగిలే దెబ్బ జోరు కూడా కొంత తగ్గుతది. స్పైన్ మడతపడితే మాత్రం ఏ వెస్టూ ఆపలేదు. అయినా కొక్కేనికి ఉంటే ఎవరికి లాభం?"

మొదట ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నడుముకు బ్రేస్, అంటే గట్టి పట్టీ, బిగించి, వంగొద్దు, బరువెత్తొద్దు అని ఇంటికి పంపారు. మా ఆయనకు వద్దన్నది చేయడం పుట్టుకతో వచ్చిన విద్య. నేను బీడీల కార్ఖానాకు వెళ్లిన సమయం చూసి, బ్రేస్ విప్పి, చాందినికి నీళ్ల బకెట్ ఎత్తాడు. నేను వచ్చేసరికి గుర్రపు పాకలో కూలబడి ఉన్నాడు. ఎడమ పాదం పైకి లేవడం లేదు. "కాలు నా మాట ఇంటలేదే" అన్నాడు. తిట్టడం పక్కన పెట్టి మళ్లీ 108కి ఫోన్ చేశాను.

ఎముక ముక్క జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు డాక్టరు గారు. ఈసారి స్క్రూలు, రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. "ఆపరేషన్ మంచిగైంది. కాలు వస్తదా అంటే, రావచ్చు, రాకపోవచ్చు. నరానికి టైం ఇయ్యాలె" అన్నారు. రోజూ వచ్చి "వేలు కదిలించు సాయిలూ" అనేవారు. ఆయన పళ్లు బిగపట్టేవాడు, చెమటలు పట్టేవి, వేలు మాత్రం కదిలేది కాదు. నడవలేకపోతే ఈ మనిషి బతకడు అనిపించేది. ఇల్లు గడవడం గురించి కాదు, కుదురుగా కూర్చోలేని ఆయన గుణం గురించి నా బెంగ.

ఇంటికొచ్చాక మంచం పక్కన, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, మంచం అంచున చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. ఒకరోజు ఆకు కత్తిరిస్తుంటే చాట జరిగి తంబాకు అంతా కింద పోయింది. "కాలు తీస్తవా జెర, తంబాకంత నేలపాలైంది!" అని కసిరాను. అన్నాక నా మాట నాకే వినిపించింది. తలెత్తి చూస్తే ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"మల్ల తన్ను" అన్నాను. ఎడమ కాలి బొటనవేలు చాటను మళ్లీ నెట్టింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మా అత్త చీపురు పట్టుకుని వచ్చి, "తంబాకు పోతే పోయింది, ఇంకోసారి తన్ను కొడుకా" అంది.

తర్వాత ఫిజియోథెరపీ, వాకర్, చేతికర్ర. కోపాలు, అలకలు కూడా. ఇప్పుడు మామూలుగానే నడుస్తున్నాడు, ఎడమ చెప్పు మాత్రం కొద్దిగా ఈడుస్తాడు. స్వారీ వద్దన్నారు. చాందిని పగ్గం నా చేతికొచ్చింది. ఆయన పక్కన నడుస్తూ నా తప్పులు ఎంచుతాడు. హెల్మెట్‌కు సూది గుచ్చకుండా, పైన తొడిగి తీసేలా జరీ రుమాలు కుట్టాను. ఆ హెల్మెట్ పెట్టుకుని, లోపల వెస్ట్ వేసుకున్న పెళ్లికొడుకే మా గుర్రం ఎక్కాలి.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గుర్రం మీంచో, బండి మీంచో ఎవరైనా పడితే, "నాకేం కాలే" అని లేచి నడిచినా నమ్మకండి. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. సిగ్గుపడి లేవబోతే నాలుగు తిట్టయినా పడుకోబెట్టండి.

బరాత్ మాట్లాడుకునేటప్పుడే, మనిషి పడితే గుర్రం అక్కడే ఆగుతుందని చెప్పేస్తున్నాం. మొన్న బోధన్‌లో పెళ్లికొడుకు పెదనాన్న ఒప్పుకోలేదు. "బరాత్ నడుమ ఆగితే మంచిది కాదు గద బిడ్డా?" అన్నాడు.

"మా ఆయిన పడ్డనాడు ఆగలే పెద్దనాయినా" అన్నాను. "మండపానికి టైముకే చేరింది. మా ఆయిన మల్ల గా మండపం దాకా నడవనీకి ఏడాది పట్టింది."