లంబసింగిలో నేను కరిగించిన మంచు

కొండ మీది మంచునంతా ఒక్క నిమిషంలో, ఒట్టి నోటితో మాయం చేసిన ఘనుణ్ణి నేను. ఎండకు కూడా అంతకన్నా ఎక్కువసేపే పడుతుంది.

అప్పుడే ఫిజిక్సులో ఎమ్మెస్సీ పూర్తిచేసి, గాజువాకలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. ఎదుటివాళ్ల మాట సరిదిద్దందే నాకు ముద్ద దిగేది కాదు. టీ కొట్టతను "తాగు బావా, సల్లారిపోతంది" అంటే, టీలోంచి వేడి ఎటు పోతోందో పావుగంట చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు నన్ను చూడగానే పాలు అయిపోయాయనడం మొదలుపెట్టాడు.

మా మేనమామ సత్యం ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కరిగిన ఇనుము ఎదుట గడిపిన మనిషికి ఒకటే కోరిక, మంచు చూడాలని. హిమాలయాలకు బయల్దేరే లోపే గుండెజబ్బు బయటపడింది. అంత ఎత్తులు వద్దన్నాడు డాక్టరు.

"అల్లుడూ, లంబసింగిలో మంచు పడతాదంట. అక్కడికైనా తీసుకెళ్తావేటి?" అని అడిగాడు.

డిసెంబరులో తీసుకెళ్లాను. సూర్యుడు వచ్చే వేళకు రోడ్డు పక్క గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. మావయ్య మెల్లగా కూర్చుని, కొంచెం గీకి అరచేతిలో వేసుకున్నాడు. వణుకుతూనే అత్తకు ఫోన్ చేశాడు.

"లచ్చిమీ, మంచు పట్టుకున్నానే. నా సేతిలోనే ఉన్నాది."

అవతల అత్త నవ్వు నాకూ వినిపించింది. బుద్ధున్నవాడెవడైనా అక్కడ కొండకేసి చూస్తూ నిలబడతాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"మావయ్యా, అది అసలు మంచు కాదు."

"కాదేటి? తెల్లగానే ఉన్నాది కదా."

"అసలు మంచు మేఘంలో పుట్టాలి. అక్కడి ఆవిరి నీరు కాకుండానే, సన్నటి ధూళి రేణువు మీద నేరుగా గడ్డకట్టాలి. కిందికి పడుతూ ఆరు కొమ్మలు వేయాలి. ఇది నేల మీద గడ్డికి పట్టింది, అంతే."

మావయ్య చేతిలోకి చూసుకున్నాడు. అప్పటికే అది నీళ్లయింది. చెయ్యి స్వెట్టరుకు తుడుచుకుని మళ్లీ ఫోన్ తీశాడు.

"ఇందాకటిది మంచు కాదంట. అల్లుడు సెప్తన్నాడు. ఎవులికీ సెప్పీకు."

దిగి వస్తుంటే దారిలో, నా మనసు కష్టపెట్టకూడదని కాబోలు, మావయ్యే అడిగాడు.

"కొమ్మలు ఆరేనేటి? ఐదు రావా?"

"రావు," అన్నాను, ఆ నియమం నేనే పెట్టినంత గర్వంగా.

ఫిబ్రవరిలో మావయ్య పోయాడు.

పదో రోజు భోజనాలయ్యాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరే, నిజం సెప్పు. ఆ రోజు ఆయన సేతిలో ఉన్నది ఏటి?"

"మంచే అత్తా. మేఘంలో ఆవిరి ధూళి మీద గడ్డకట్టినట్టే, అక్కడ గడ్డి మీద గడ్డకట్టింది. పుట్టుక ఒకటే. పుట్టిన చోటే వేరు."

ఓదార్చడానికి కల్పించింది కాదండి. పుస్తకంలో ఉన్న సంగతే. లంబసింగిలోనూ నాకు తెలిసిందే. తేడా చెబితే తెలివి కనిపిస్తుందని, పోలిక చెప్పలేదు.

అత్త వెంటనే అడిగింది.

"మరి ఈ ముక్క ఆయనకి సెప్పడానికి నీకు నోరు రానేదేటి?"

అందుకని పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా గుప్పెడు తెల్లటి చల్లదనం పట్టుకుని నవ్వుతూ కనిపిస్తే, అది మంచయినా, ఫ్రిజ్‌లో గీకిన ఐసయినా, ఆ చెయ్యి పూర్తిగా ఆరేవరకూ నేను నోరు విప్పను.